తారీఖు మీద వేలు

మా క్రీడాశాస్త్ర పత్రిక సంపాదకులు వ్యాసం చేతికి రాగానే చదివేవారు కాదు. కొలతలు తీసిన తారీఖుల మీద చూపుడువేలు ఆనించి, "ఆ పొద్దు నువ్వాడ ఉండావా?" అని ఒక్కొక్కదానికీ అడిగేవారు. ఆ ప్రశ్నంటే మా అందరికీ హడలు.

శ్రీహరికోట దగ్గరి ఇసుకలో, ఎండలో పరిగెత్తే పిల్లలు ఎంతసేపు తట్టుకోగలరన్నది నా వ్యాసం. ఐదో రోజు నేను బద్ధకించి పోలేదు. బాగానే తట్టుకున్నారని ఇంట్లో కూర్చుని అంకెలు వేసేశాను.

ఆయన వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఆ పొద్దు రాకెట్టు వదిలినారు కదా అబ్బయా. తీరానికి ఎవురినీ పోనీలేదే."

"తప్పయింది సార్. వ్యాసం వెనక్కి తీసుకుంటాను."

"వ్యాసం సంగతి చెప్పబాక. ఈ అంకెలు ఇంకెవురికన్నా ఇచ్చినావా?"

పోయిన వారమే ఆ పిల్లల కోచ్‌కి ఇచ్చాను. ఆ లెక్కనే అతను మధ్యాహ్నాలు పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు.

ఆయన తన ఫోను నా ముందుకు జరిపారు. బయట ఎండ పెళపెళ కాస్తోంది. కోచ్ నంబరు కలిపాను. మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. తారీఖు మీద నుంచి ఆయన వేలు తీయలేదు.