ఆజిగాడి ఆలు

ఆ రోజుల్లో ఆడపిల్లకి పిచ్చి పట్టడానికి కూడా ఒక పద్ధతుండేది. సినిమా హీరోల బొమ్మలు కత్తిరించి ట్రంకుపెట్టె అడుగున దాచుకోవచ్చు, పక్కింటి అక్క చీరల మీద మోజు పడొచ్చు, మరీ బరితెగిస్తే కథల పుస్తకాలు చదవొచ్చు. నాకు లైట్ల పిచ్చి పట్టింది. ఇది ఎవరి జాబితాలోనూ లేకపోవడంతో చాలాకాలం తిట్లు తప్పించుకున్నాను. బరంపురంలో మా వీధి చివర, ఇనప స్తంభానికి రేకు టోపీ పెట్టుకుని ఒక బల్బు వేలాడేది. సాయంత్రం మునిసిపాలిటీ మనిషి సైకిలు మీద వచ్చి, స్తంభానికున్న పెట్టె తలుపు తీసి మీట నొక్కగానే వీధంతా పచ్చగా అయిపోయేది. నా ఈడు పిల్లలు దేవుడి పటాలకి దణ్ణం పెట్టే వేళకి నేను గుమ్మంలో నిలబడి ఆయనకి పెట్టేదాన్ని. (పాపం, తన వెనకాల ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని ఆయన తిరిగి చూసుకునేవాడు.) మాడిపోయిన బల్బులు అడిగి తెచ్చుకుని, చెవి దగ్గర ఊపి, లోపల తెగిన తీగ చేసే చప్పుడు వినేదాన్ని. మా అమ్మ దీన్ని కడుపులో నులిపురుగుల లక్షణం అనుకుని ఆముదం పట్టేది.

అసలు ప్రేమ మాత్రం వెనక కిటికీలో పుట్టింది. ఆ కిటికీకి ఎదురుగా తాలింఖానా ఉండేది. ఒంటికి నూనె రాసుకున్న మగాళ్ళు సాయంత్రం పూట అక్కడ గదలు తిప్పుతూ, దండీలు తీస్తూ, కర్రసాము చేస్తూ హుంకరించేవారు. కర్ర తగిలి పగలకుండా లైటు చుట్టూ ఇనప తీగల పంజరం కట్టారు. నేను పదకొండో క్లాసులో ఉండగా పాత బల్బు తీసేసి, మెర్క్యురీ లైటు పెట్టారు. ఆ లైటు మీట నొక్కగానే వెలిగే రకం కాదు. ముందు పెళ్ళిచూపుల్లో పిల్లలా ఎర్రబడేది. తర్వాత ఊదారంగుకి తిరిగి, నిదానంగా, బతిమాలించుకుని, తెల్లబడేది. మధ్యలో కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా అలిగేది. ఒళ్ళు చల్లారితే గాని మళ్ళీ వెలిగేది కాదు. ఇంత అభిమానమున్న లైటుని నేనెక్కడా చూడలేదు. రోజూ సాయంత్రం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. కింద ఆ పదిమంది మగాళ్ళూ నాకు అడ్డం, అంతే.

చూసినదంతా ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. బడిలో మాది ఒడియా మీడియం. స్నేహితురాళ్ళు చదివి నవ్వకూడదని తెలుగు అక్షరాల్లో రాశాను. ఇంటికొచ్చే చుట్టాలు చదివి ఏడవకూడదని ఆ తెలుగు అక్షరాల్లో ఒడియా మాటలు రాశాను. ఒకే పెట్టెకి రెండు తాళాలన్నమాట. ఒడియాలో ‘ఆజి’ అంటే ఇవాళ. ‘ఆలుఅ’ అంటే వెలుతురు, లైటు. ప్రతి పేజీ ఇలా మొదలయ్యేది: ‘ఆజి తాలింఖానా ఆలుఅ డేరిరె ఆసిలా. ప్రథమే లాల్, పరె ధళా.’ ఇవాళ తాలింఖానా లైటు ఆలస్యంగా వచ్చింది, ముందు ఎరుపు, తర్వాత తెలుపు అని అర్థం. ఇంతకన్నా నీతిమంతమైన రాత ఏ ఆడపిల్లైనా రాసిందా?

అప్పుడే మా అక్క పురిటికని అమ్మ దిగపహండి వెళ్ళింది. వంట చెయ్యడానికి పాలకొండ వైపు పల్లె నుంచి మా నాన్న అప్పగారు, మా పెద్దత్త, వచ్చింది. తెలుగు గడగడా చదివేస్తుంది, ఒడియా ఒక్క ముక్క రాదు. వస్తూ వస్తూ పొలసరలో ధాన్యం వ్యాపారం చేసే వాళ్ళ సంబంధం ఒకటి కొంగున కట్టుకుని మరీ వచ్చింది. నేనేమో కాలేజీ అని నాన్నని సతాయిస్తున్నాను. నాన్న తెలివిగా, “మా అప్ప ఏటంటే అదే” అని చేతులు దులుపుకున్నాడు. అంటే నా కాలేజీ, నా పొలసర రెండూ పెద్దత్త నోట్లో ఉన్నాయి. సరిగ్గా అలాంటి వారంలో, పరుపు దులుపుతుంటే ఆవిడకి నోటుబుక్కు దొరికింది.

“ఏటే ఇది?”

“నోటుబుక్కు, అత్తా.”

“అది నాకూ అగుపడతంది. ఆజి ఎవుడు?”

నాకు మొదట అర్థం కాలేదు. ఆవిడ పేజీ మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. “ఆజి... తాలింఖానా... ఆలు... అ. తాలింఖానాలో ఆజిగాడు, ఆడి ఆలు నువ్వు! ఆలు అవుతాను అని రాయడానికి సిగ్గేసి ‘అ’ కాడ ఆపీసావు!”

“అయ్యో, ఆజి అంటే ఇవాళ, అత్తా!”

“ఇయ్యాలే అయితే పుస్తకం నిండా ఎలా రాసీసావే?”

“ఆలుఅ అంటే లైటు” అన్నాను ఏడుపు గొంతుతో.

“ఆలంటే పెళ్ళాం. నాకు తెలుగు నేర్పుతావేటే, గుంటా? పద, ఆడెవుడో సూస్తాను. ఆణ్ణి సూసినాక బడీ లేదు, గిడీ లేదు, తిన్నగా పొలసర ఎల్లిపోదువు గాని.”

నిజంగా భయమేసింది. నా బతుకు ‘అ’ అనే ఒక్క అచ్చులో ఇరుక్కుపోయిందని అప్పుడు తెలిసింది. పెద్దత్త ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో నోటుబుక్కుని పట్టుకుని, ఆడగాలి సోకని ఆ తాలింఖానా గుమ్మం దాటేసింది. అప్పుడే అక్కడ కుస్తీ నేర్పే వస్తాదు హనుమంతుడికి అగరొత్తి చూపించి లైటు మీట నొక్కాడు. బోడిగుండు, గుబురు మీసాలు, అరవై దాటిన బ్రహ్మచారి. ఆయనకి తెలుగు బజారులో బేరమాడేంత వచ్చు. గదలు తిప్పుతున్నవాళ్ళు గదలు దించేసి తువ్వాళ్ళ కోసం పరిగెత్తారు.

“ఆజి ఎవుడ్రా?” అని గర్జించింది పెద్దత్త.

ఇవాళ ఎవరు అని అడుగుతోంది కాబోలు, కుస్తీ చూడ్డానికొచ్చిందేమో అనుకున్నాడు వస్తాదు. వినయంగా చేతులు జోడించి, “ఆజి నుహె మా, కాలి” అన్నాడు. ఇవాళ కాదమ్మా, రేపు అని.

“ఓలమ్మో, కాళిగాడెవుడే మజ్జిలో! ఇద్దరా?”

తువ్వాలు చుట్టుకుంటున్న ఒకతను ఇక ఆపుకోలేక గోడ వైపు తిరిగిపోయాడు. వస్తాదు నా చేతి మీద పెద్దత్త పట్టు చూశాడు, నా మొహం చూశాడు, నోటుబుక్కు చూశాడు. “సదువు మా” అన్నాడు. ఆయనకి తెలుగు అక్షరాలు రావు. సాక్ష్యం అందరికీ వినపడాలని పెద్దత్త గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అలాంటి చదువు నేను మళ్ళీ వినలేదు. చదివే మనిషికి ఒక్క మాట తెలియదు, వినే వాళ్ళకి ప్రతి మాటా తెలుసు. “ఆజి తాలింఖానా ఆలుఅ డేరిరె ఆసిలా!” అని ఆవిడ తిట్టినట్టు చదివేసరికి పదిమందీ తలెత్తి లైటు వైపు చూశారు. “ప్రథమే లాల్!” అంది. లైటు ఎర్రగా ఉంది. ఆవిడ పేజీ తిప్పి, మళ్ళీ ఆజి, మళ్ళీ ఆలుఅ, ఇలా నాలుగు పేజీలు దంచేసి “పరె ధళా!” అనేసరికి లైటు బుద్ధిగా తెల్లబడింది.

వస్తాదు మీసాలు వణికాయి. “మా, ఆలుఅ మానె లైటు” అని పైకి చూపించాడు. “నీ పిల్లా మా లైటు సూసింది. మమ్మల్ని సూడ్లేదు.” ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం బాధ ఉందని నాకనిపించింది. ఎందుకో తర్వాత తెలిసింది. కిటికీలో పిల్ల నిలబడుతోందని కొన్ని నెలలుగా ఆ పదిమందీ రోజుకి యాభై దండీలు ఎక్కువ తీస్తున్నారట. నూనె కూడా ఎక్కువ ఖర్చయిందట. మొహాలు చూడాలి, ఒక్కొక్కరూ కుస్తీ ఓడిపోయినట్టు కూర్చున్నారు.

పెద్దత్త తలెత్తి లైటుని చాలాసేపు చూసింది. నోటుబుక్కు నా చేతికిచ్చేసి ఇంటికి నడిచింది. భోజనాల దగ్గర నాన్నతో, “ఒరే తమ్ముడూ, ఈ గుంట అన్నం పొయ్యి మీద ఎట్టి లైటు సూస్తూ నిలబడిపోద్ది. పొలసరోళ్ళు మనకేటి అపకారం సేసారు? కాలేజీలో పడెయ్” అంది. తిరిగి వెళ్ళేలోపు మూడు సాయంత్రాలు నా పక్కన కిటికీ దగ్గర నిలబడింది. “బాగానే సిగ్గుపడతన్నాడే, మీ ఆజి” అంది ఒకసారి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

కాలేజీలో సైన్సు చదివి, ఖల్లికోటలో పిల్లలకి అదే చెప్పి రిటైరయ్యాను. పెళ్ళయిన కొత్తలో ఈ కథ చెబితే మా ఆయన, “అయితే నేను కాలిగాణ్ణన్నమాట, రేపటి మనిషిని” అన్నారు. ఇప్పటికీ కోపమొస్తే చీటీ రాసి కింద అదే సంతకం పెడతారు. మొన్న ఇద్దరం బరంపురం వెళ్ళినప్పుడు చీకటి పడే వేళకి తాలింఖానా ముందు ఆగాను. కొత్త లైట్లు పెట్టారు. మీట నొక్కగానే తెల్లగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా వెలిగాయి. ఎర్రబడ్డమన్నదే లేదు. ఒక నిట్టూర్పు విడిచి అక్కడే నిలబడిపోయాను. లోపల గద తిప్పుతున్న పాతికేళ్ళ కుర్రాడు, నెరిసిన తలతో తనవైపే చూస్తున్న నన్ను గమనించి, ఛాతీ ఒక జానెడు పెంచాడు. లైటులో ఎలాగూ చూడ్డానికేమీ మిగల్లేదు గనక, ఆనాటి పదిమంది తరఫునా అతన్ని కాసేపు తృప్తిగా చూశాను. మా ఆయన పక్కకొచ్చి, అచ్చం మా పెద్దత్త గొంతుతో, “ఆజి ఎవుడే?” అన్నారు.

“ఇవాళ్టికి ఇతనేలెండి” అన్నాను.