బావిలోకి దిగి చూసిన ఓవర్సీర్ గారు

ఓవర్సీర్ గారు నిన్న మధ్యాహ్నం తర్లుపాడు దగ్గర ఒక బావిలో పోయారు. ఆ వార్త తెచ్చిన కోర్టు బంట్రోతు నా ముఖం చూసి మళ్లీ చెప్పాడు. ఆయన లోపల ఉండగా రాతికట్టు జారిందట. మొన్న సంతలో ఆగి మా బావి ఎట్లుందని అడిగిన మనిషి. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

నీళ్ల తగాదా వస్తే, బావులు చూసి నిజం రాసిమ్మని మార్కాపురం మునసబు కోర్టువారు ఆయన్ను కమిషనరుగా వేసేవారు. మా ఊరికీ అట్లాగే వచ్చారు. పక్క చేను పెదనాయన తన బావి లోతు చేయించిన ఏడాదే మా బావి అడుగంటింది. మిరపతోట మాడిపోతుంటే మా నాయన దావా వేశాడు.

ఆయన రెండిళ్లలో ఎక్కడా మంచినీళ్లు కూడా ముట్టలేదు. అన్నం మూట వెంట తెచ్చుకునేవారు. పెదనాయన చేత మోట తోలించి మా బావిలో నీళ్లు చూశారు. ఆపించి మళ్లీ చూశారు. ప్రతిసారీ తానే దిగేవారు. ఈ వయసులో ఎందుకయ్యా, పైనుంచి చూడరాదా అని నాయన అడిగాడు.

"పైనుంచి నీళ్లు కనపడతాయి. అవి యాడి నుంచి వస్తాండాయో కనపడదు."

రిపోర్టు మాకు ఎదురు తిరిగింది. పెదనాయన బావి వల్ల కాదు, మా బావి ఊటే పూడిందని రాశారు. దావా పోయింది. అవతలివాళ్లకు అమ్ముడుపోయాడని అమ్మ తిట్టుకునేది.

ఆ ఎండాకాలం ఆయన పిలవకుండానే మా చేనికి వచ్చారు. నాయన పలకరించలేదు.

"కోర్టు పని అయిపోయింది అన్నా. అప్పుడు నీకు సలహా చెప్పకూడదు, ఇప్పుడు చెప్పొచ్చు. తూర్పు పక్క పలకరాయి తొలిపించు. ఊట ఆడ మూసుకపోయింది."

నాయన పంచె ఎగ్గట్టాడు. తర్వాత ఇద్దరూ కలిసి బావిలోకి దిగారు. పైకి వచ్చాక, ఈ పూట మీ ఇంట్లో తినొచ్చు వదినా అని ఆయనే అడిగి, అమ్మ పెట్టిన జొన్నరొట్టె తిన్నారు. తొలిపించిన చోటే ఊట పడింది. ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతున్నాం.

ఇందాకే తర్లుపాడు వెళ్లి వచ్చాను. నిన్న ఆయన బావిలోకి దిగింది అక్కడి నీళ్ల దావా కోసమే. అందులో వాది, ప్రతివాది అన్నదమ్ములు. ఏళ్ల తరబడి మాటల్లేవట. రాళ్లు తొలగించి ఆయన్ను బయటికి తీసింది వాళ్లిద్దరే. తడిబట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి. అరచేతులు ఒరుసుకుపోయి, ఒకే గట్టు మీద, ఒకరి పక్కన ఒకరు కూర్చుని బావి వైపే చూస్తున్నారు.