నిగనిగలేని నలుపు

ఇమామ్ సాహెబ్‌కు మెరిసే వస్తువేదీ గిట్టదు. అలాంటి మనిషిని రోల్డ్‌గోల్డ్ నగలు చేసి బతికే మచిలీపట్నంలో పుట్టించడం దేవుడి వేళాకోళమే. పాత టీవీల మెకానిక్కు. టీవీలు పలచబడి గోడకెక్కాక పని పోయింది, తీరిక వచ్చింది. ఆ తీరికలో సైకిల్ గంటకు నల్లరంగేశాడు, స్టీలు బిందెకేశాడు. బీరువా అద్దం మాత్రం భార్య షబీనా కాపలా కాయబట్టి బతికింది.

బట్టతల వెంకటపతి గారు టీకొట్టుకు వస్తే చాలు, సాహెబ్ అందుకుంటాడు. "కాస్త అటు తిరిగి కూర్చోండి. మీ మీంచి వెలుగొచ్చి నా కంట్లో కొడుతోంది."

"పౌడరు రాసుకు రమ్మంటారా?"

"అంతకంటేనాండీ. నిగారింపు చస్తుంది."

ఈ కబుర్లు గుడివాడలో ఉన్న సాయిదుర్గకు చేరుతూనే ఉన్నాయి. ఆ టీకొట్టు ఆమె తల్లి మాణిక్యమ్మది. మాణిక్యమ్మకు కంటినరం ఎండిపోతోంది. ఆపరేషన్ చేసినా వచ్చే చూపు కాదన్నారు. కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చూపానదని తెలిస్తే, టీలో ఈగ పడిందేమోనని జనం పక్కకొట్టుకు పోతారని భయం. ఈమధ్య మళ్లీ వేళ్లు కాల్చుకుందని విని, ఇక కొట్టు మూయించి తనతో తీసుకుపోవాలని సాయిదుర్గ బస్సెక్కింది.

వచ్చి చూస్తే, గాజు గ్లాసులన్నిటికీ వెలుపల నల్లరంగు.

"మా అమ్మకు అసలే..." అనబోయి, బల్ల మీద కూర్చున్నవాళ్లను చూసి మాట మార్చింది. "అసలే పనెక్కువ. ఈ మసిగ్లాసులేంటండీ సాహెబ్ గారూ?"

"మసి కాదమ్మా, రంగు. నలుపులో పాలటీ తెల్లగా తేలుతుంది. మా చెల్లెమ్మ రోజూ నాకు వేలెడు తక్కువ పోస్తోంది, తేల్చుకోవాలిగా."

జేబులోంచి పెన్ను మూతంత గొట్టం తీసి గ్లాసు అంచుకు తగిలించాడు. లోపల ఆవగింజంత బల్బు, పక్కనే దాని వెలుగు తిరిగొస్తే పసిగట్టే కన్ను. టీ పైకి వచ్చేకొద్దీ వెలుగు దానికి తగిలి వెనక్కొస్తుంది, అంచు దగ్గర పడగానే కీ మంటుంది. అదీ ఆయన లెక్క. తగిలించీ తగిలించగానే, ఖాళీ గ్లాసుకే కీ మంది.

"గాలి నిండింది సాహెబూ" అన్నారు వెంకటపతి.

సాహెబ్ నవ్వలేదు. గొట్టంలోకి తొంగిచూశాడు. "గొట్టం లోపల నేనేసిన రంగే మెరుస్తోంది. వెలుగు టీ దాకా పోకుండా గోడలకే తగిలి తిరిగొస్తోంది. నల్లగా ఉంటే చాలదు, నిగనిగ ఉండకూడదు."

లేచి పక్కనే ఉన్న నవాజ్ నగల కొట్టుకెళ్లి, హారం పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. లోపల పరిచిన నల్ల మఖమలు గుడ్డ ఊడబీకుతుంటే నవాజ్ పరుగెత్తుకొచ్చాడు.

"చాచా, అందులో హారముంది."

"నీ బల్ల మీదే పెట్టొచ్చానురా. దాని మెరుపు నాకెందుకు?"

మఖమలు ముక్క గొట్టం లోపల చుట్టూ అతికించి మళ్లీ తగిలించాడు. కిక్కురుమనలేదు. మాణిక్యమ్మ పోసింది. అంచుకు ఇంకా గోరంత ఉందనగా కీ మంది. ఆమె చెయ్యి ఆగింది. ఇన్నాళ్లూ అంచు మీద వేలు పెట్టుకుని, కాలినప్పుడు ఆపేది. ఇప్పుడా వేలు కొంగు పట్టుకుని ఉంది. సాయిదుర్గ ఆ వేలినే చూస్తూ నిలబడిపోయింది.

తర్వాత పొయ్యి వెనక్కి తీసుకెళ్లి మెల్లగా అడిగింది. "ఆయనకు చెప్పావా?"

"నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. నేను టీ ఒలికించినప్పుడల్లా మెరుపు మీద గొడవ మొదలెడతాడు. అందరూ ఆయన్ని చూసి నవ్వుతారు. నా చేతివంక ఎవరూ చూడరు." మాణిక్యమ్మ పొయ్యి మంట తగ్గించింది. "మొదట్లో నేనూ పిచ్చే అనుకున్నానే."

మూడింటి గుడివాడ బస్సు వెళ్లిపోయినా సాయిదుర్గ లేవలేదు.

సాయంత్రం గిరాకీ ముమ్మరంగా ఉన్నప్పుడు మాణిక్యమ్మ పాలగిన్నె దించబోయింది. గట్టు అంచు అంచనా తప్పి, పాలు భళ్లున ఒలికాయి. తలలన్నీ అటు తిరిగాయి. ఇమామ్ సాహెబ్ నోటినిండా బన్ను, మాట పెగల్లేదు.

సాయిదుర్గ గబుక్కున లేచింది.

"ఎవరండీ ఈ గిన్నెను ఇంత తళతళలాడేట్టు తోమింది? కళ్లు పోతున్నాయి."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఈ అమ్మాయికీ అంటుకుందయ్యా" అన్నారు వెంకటపతి.

నవ్వులు సద్దుమణిగేసరికి మాణిక్యమ్మ గట్టు తుడిచేసి, తర్వాతి గ్లాసు పోస్తోంది.