రెండో చరణం తర్వాతి గజ్జెలు

నిన్న బొమ్మిడి బస్సులో నా వెనక సీటులో ఒక పసిపిల్ల కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. ఊపినప్పుడల్లా కాలి గజ్జెలు సన్నగా మోగాయి. పక్కవాళ్ళకు ముద్దుగానే ఉండి ఉంటుంది. నాకు మాత్రం ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వినగానే ముందు చిరాకు వస్తుంది. ఆ చిరాకు వెనకాలే మునిరత్నం మామ వస్తాడు.

మామ మాకు చుట్టం కాదు. తమిళ సీమలోని ధర్మపురిలో మా వీధి చివరి ఇల్లు ఆయనది. వయసులో ఉన్నప్పటి నుంచి పెళ్ళిళ్ళకు మైకుసెట్టు కట్టినవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో మన తెలుగువాళ్ళ పెళ్ళంటే పందిట్లో మామ రికార్డు తిరగాల్సిందే. పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చేటప్పుడు వేసే పాట ఒకటి ఉండేది. అది వినకపోతే పెళ్ళి సగమే అయినట్టని కడత్తూరులోని మా పెద్దమ్మ అనేది. క్యాసెట్లు వచ్చాక మామ సెట్టు మూలపడింది. మా వీధిలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నది నాకొక్కదానికే. పెళ్ళిపత్రికలూ దరఖాస్తులూ టైపు చేసి ఇచ్చేదాన్ని. ఒక ఆదివారం పొద్దున మామ రికార్డుల సంచి భుజాన తగిలించుకొని, ప్లేయరును తువ్వాల్లో చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వచ్చాడు.

"పాపా, ఈ ప్లేట్లన్నీ సీడీలోకి ఎక్కించాల. మా కొడుకు సెట్టును పాతసామాన్లోడికి ఏసేస్తానంటా ఉండాడు. నాకు చెవులు పోయినాయంట, ఇంక దీంతో ఏం పని అంటాడు."

"ఒక పూట పని మామా, చేసిస్తాలే" అన్నాను. ఆ ఒక్క మాటకు ఎన్ని ఆదివారాలు పోగొట్టుకున్నానో నాకే తెలుసు.

రికార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే దగ్గరిదారి లేదు. పాట ఎంతసేపు ఉంటే అంతసేపూ తిరగాలి, మనం కాపలా కూర్చోవాలి. నడుమ కరెంటు పోతే మళ్ళీ మొదటికి. అది చాలదన్నట్టు మామ ఫ్యాను ఆపించాడు. వంటింట్లో మా అమ్మ మిక్సీ ఆపించాడు. ఇది మైకు కాదు, పాట తీగలోంచి పోతుంది, మన చప్పుళ్ళు అందులో పడవు అని ఎంత చెప్పినా తలకెక్కలేదు. "సత్తం యాడనుంచైనా దూరుతుంది పాపా, నీకు తెలీదు" అనేవాడు. ఆ చెమటలో, ఆ మౌనంలో, పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి పక్కన కూర్చుంటే నాకు తలప్రాణం తోకకు వచ్చేది.

అన్నీ ఎక్కించి చివరికి పెళ్ళికూతురి పాట దగ్గరికి వచ్చాం. సీడీ వేసి వినిపించాను. రెండో చరణం అవుతుండగా మామ నవ్వుతూ వేలు పైకెత్తి, ఏదో రాబోతున్నట్టు ఆగాడు. పాట ముందుకు పోయింది. వేలు అట్లాగే ఉండిపోయింది.

"గజ్జెలు యాడ?"

"ఏ గజ్జెలు మామా?"

"రెండో చరణం అయినాక గజ్జెలు మోగతాయి. పెళ్ళికూతురు గడప దాటేది ఆ గజ్జెలకే. నీ కంప్యూటరు తినేసింది."

గీతల చిటపటలు పోవాలని నేను ఏదో శుభ్రం చేసిన మాట నిజం. అది తీసేసి మళ్ళీ ఎక్కించాను. గజ్జెలు రాలేదు. తీగ మార్చాను, ముల్లు తుడిచాను, నాలుగుసార్లు ఎక్కించాను. నాలుగుసార్లూ మామ వేలెత్తాడు, నాలుగుసార్లూ "యాడ?" అన్నాడు. ఐదోసారికి నాకు ఓపిక చచ్చిపోయింది.

"ప్లేటులోనే లేవు మామా! ఉంటే కదా వచ్చేది. నీ తలకాయలో మోగతా ఉండాయి, ఇందులో కాదు!"

మామ హెడ్‌ఫోన్ పెట్టుకొని, కంప్యూటర్ లేకుండా నేరుగా రికార్డే విన్నాడు. తీసి పక్కన పెట్టాడు. "అట్లయితే మా కొడుకు చెప్పిందే నిజం" అని ప్లేయరును మళ్ళీ తువ్వాల్లో చుట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచి విన్నదే. ఫ్యాను తిరుగుతూనే ఉంది, మిక్సీ మోగుతూనే ఉంది, నాకు మాత్రం సిగ్గుగా ఉంది.

ఆ నెలలోనే కడత్తూరు వెళ్ళాను. ఆ పాట రికార్డు తన పెట్టెలోనూ ఉండి ఉండాలని పెద్దమ్మ మాటల్లో అంది. పెళ్ళప్పుడు ముచ్చటపడి కొనుక్కుందట. ఇంట్లో ప్లేయరు లేక అట్టలోంచి తీసిందే లేదట. దాన్ని చీరలో చుట్టి తెచ్చి, బస్సు దిగి నేరుగా మామ ఇంటికి వెళ్ళాను. వరండాలో కొడుకు కూడా ఉన్నాడు. మామ వద్దన్నాడు. "మళ్ళీ నన్ను పరీక్ష చేయొద్దు పాపా" అన్నాడు. చేతులు పట్టుకొని బతిమాలితే వేశాడు.

రెండో చరణం అయింది. గజ్జెలు మోగాయి. ఎంత స్పష్టంగా అంటే, మామ కొడుకు వెనక్కి తిరిగి వాకిలి వైపు చూశాడు.

మామ ఈసారి వేలెత్తలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకొని, మళ్ళీ వేద్దామని ముల్లు ఎత్తబోయి ఆగిపోయాడు. ముల్లుండే తల మీద ఒక నాణెం, ఎప్పుడో ప్లాస్టరుతో అంటించింది. నేను ప్రతి ఆదివారమూ చూస్తూనే ఉన్నాను, అది ప్లేయరులో భాగమే అనుకున్నాను.

"పందిట్లో పిల్లోళ్ళు ఎగురుతారు, బల్ల అదురుతుంది, ముల్లు గీత తప్పుతుంది" అన్నాడు మెల్లగా. "పెళ్ళికూతురు వచ్చేటప్పుడు పాట తెగితే ఆడోళ్ళు కీడంటారు. అందుకని నాణెం పెట్టినాను. మా మైకుసెట్టోళ్ళమంతా పెట్టినాము. ఆ బరువుకు ముల్లు గజ్జెల్ని గీకి పారేసింది." గోరుతో నాణేన్ని పెరికాడు. "చెవి బాగానే ఉండాది పాపా. చెయ్యే తప్పు చేసింది."

పెళ్ళి సందడిలో గజ్జెలు పోయిన సంగతి ఎవరికి తెలుస్తుంది? ఫ్యాను కూడా ఆపి ఆ పాట విన్నది మా ఇంట్లోనే. రికార్డులో లేవని నేనన్నదీ నిజమే, పాటలో ఉన్నాయని ఆయన అన్నదీ నిజమే. కానీ నాకు తెలియంది లేనేలేదని కొట్టి పారేశాను. ఈ రోజుకీ నా దగ్గర టైపు చేయించుకున్నవాళ్ళు ఇందులో ఏదో తప్పిపోయిందంటే, ఎంత విసుగొచ్చినా నోరు మూసుకొని మొదటి నుంచి చదువుతాను.

పెద్దమ్మ రికార్డును నాణెం లేకుండా సీడీకి ఎక్కించాను. అక్కడితో వదిలితే మునిరత్నం మామ ఎందుకవుతాడు? అరిగిన పాట కూడా ఉండాలన్నాడు, అదీ ముందుండాలన్నాడు. వాదించి ఓడిపోయాను.

మామ పోయాక ఆయన కొడుకు ఆ సీడీకి ఇంకో కాపీ కావాలని వచ్చాడు, కూతురి పెళ్ళికట.

"ఒకే పాట రెండు తూర్లు ఉండాదక్కా. ముందర ఉండే పాడైంది తీసేసియ్యి."

"తీయను" అన్నాను. "అది మీ నాయన చెయ్యి. రెండోది మీ నాయన చెవి. రెండూ విను."

అతను తనే వెళ్ళి ఫ్యాను ఆపి కూర్చున్నాడు.