కొత్తలకు ముందే తెంపిన చిక్కుళ్లు

మణుగూరు గనుల్లో పంపు ఆపరేటర్‌గా పనిచేసే రోజుల్లో మాకిచ్చిన క్వార్టర్ ముందు ఒక లాన్ ఉండేది. అంతకుముందున్న వాళ్లెవరో ముచ్చటపడి వేసుకున్నారు. గనిలో ఎనిమిది గంటలు నీళ్లు తోడిపోసి ఇంటికొస్తే మళ్లీ ఆ గడ్డికి నీళ్లు పట్టాలి. ఎంత తడిపినా దాని మీద బొగ్గు దుమ్మే. రెండేళ్లు ఓపిక పట్టాను. ఒక ఎండాకాలం మా ఆవిడ, "గడ్డి తింటమా ఏంది? కూరగాయలన్న పెడదాం" అంది. సరేనన్నాను. కాదనడానికి కూడా ఓపిక కావాలి.

పైకి మెత్తగా కనిపించేదే గాని, ఆ గడ్డి కింద వేళ్లు చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. గడ్డపార దిగదు, దిగితే ఇటుక ముక్క తగులుతుంది. మూడో రోజుకి నడుము పట్టేసి కూలబడ్డాను. అప్పుడు మాకు చింతపండు, విస్తరాకులు తెచ్చి అమ్మే పెద్దమ్మ ఆదుకుంది. పినపాక అవతల అడవి పల్లె ఆమెది, కోయవాళ్లు. నన్ను పక్కకు జరగమని, వారం రోజులు మా ఆవిడతో కలిసి తవ్వింది.

మా క్వార్టర్ల లైన్‌లో అందరికీ వేళాకోళమయ్యాం. పక్కింటాయన రోజూ గేటు దగ్గర ఆగి, "ఏమన్నా, బర్రెను ఎప్పుడు కడ్తవ్?" అనేవాడు. నవ్వేవాణ్ని గాని ఒళ్లు మండేది.

తొలకరికి మా ఆవిడ బెండ, గోంగూర వేసింది. చిక్కుడు గింజలు మాత్రం పెద్దమ్మ తెచ్చింది. నల్లగా, ఒక పక్క తెల్ల గీతతో ఉన్నాయి. "మా అత్త ఇంటియి. నేను కాపురానికొచ్చిన కాడికెల్లి ఇవే పెడ్తున్న" అంది. ఒక మాట కూడా తీసుకుంది. వాళ్ల ఊళ్లో చిక్కుడు కొత్తలని పండుగ చేస్తారు. ఎవరింటి గింజో చెప్పి కొత్త కాయను వేల్పుకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. "మా గింజ గనుక మీరు గూడ కొత్తలయ్యేదాక తెంపొద్దు" అంది. అట్లాగేనన్నాం.

ఆ వానాకాలం గోదావరి నిండి, వాగు వెనక్కి తన్ని ఆమె ఇల్లు మునిగింది. సొరకాయ బుర్రలో దాచిన గింజలు, చేలో పెట్టిన పాదులు అన్నీ పోయాయి. మనిషి సగమై వచ్చింది. మా పందిరి కింద నిలబడి, "పోనీ తియ్, ఈడున్నది గద. నాలుగు కాయలు ముదరనియ్యుండ్రి సారూ, ఇత్తనానికి" అంది. ఇక ఆ గింజకు మా తీగే దిక్కు.

నీళ్లు బాగా పట్టినందుకో ఏమో, మా చిక్కుడు ముందే కాసింది. పండుగ ఇంకా నెలకు పైగా ఉంది. పందిరి నిండా గుత్తులు. ఒక ఆదివారం పక్కింటాయన మళ్లీ బర్రె సంగతి ఎత్తాడు. గంప తీసుకుని మొత్తం తెంపేశాను. "ఆమె వద్దన్నది గద, ఎందుకు తెంపుతున్నరు?" అని మా ఆవిడ వెనకాలే తిరిగింది. "మళ్ల కాస్తది తియ్" అన్నాను. లైనంతా ఇంటింటికీ పంచాను. పక్కింటాయనకు రెండు దోసిళ్లు ఎక్కువే పోశాను. ఆ పూట నాకు చాలా హాయిగా ఉంది.

మళ్లీ కాయలేదు. పేనుబంక పట్టి పూత నల్లబడింది. బూడిద చల్లాం, సబ్బు నీళ్లు కొట్టాం. తీగ ఎండిపోయింది. భయం పట్టుకుని భద్రాచలం వెళ్లి, విత్తనాల దుకాణంలో ఒక చిక్కుడు పొట్లం కొనుక్కొచ్చాను.

పెద్దమ్మ కొత్తలకు వారం ముందు వచ్చింది. జరిగింది చెప్పాను. తిట్టలేదు. ఎండిన తీగను ఆకు ఆకూ ఎత్తి చూసింది. తర్వాత లైన్‌లో గడప గడపకూ వెళ్లి, ముదిరిందని పక్కన పడేసిన కాయ ఒక్కటైనా ఉంటే ఇమ్మని అడిగింది. ఎప్పుడో తినేశామని అందరూ మర్యాదగానే చెప్పారు. కూర బాగుందని కూడా అన్నారట.

తిరిగొచ్చి మెట్టు మీద కూర్చున్నాక పొట్లం ఆమె చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి ఎవరింటియి సారూ?"

"దుకాణంలయి" అన్నాను.

"మరి ఏల్పుకు ఎవరియని చెప్పాలె?"

నా మీద కోపంతో అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది.