రెండో అంతస్తు టీ మిషన్

ప్రొఫెసర్‌గారు కప్పును పెదవుల దాకా తెచ్చి ఆగిపోయారు. తాగలేదు. వాసన చూశారు. ఆ కప్పుతో పాటు నా పీహెచ్‌డీ కూడా ఎలా చల్లారిందో చెబుతాను, నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది.

అప్పటికి మెట్రో మా సరోజినీ నగర్ క్వార్టర్స్ వైపు రాలేదు. పిల్లలిద్దరినీ పక్కింటి ఆంటీకి అప్పజెప్పి, బస్సులో వేలాడుతూ యూనివర్సిటీకి వెళ్ళేదాన్ని. చిన్నాడికి జ్వరం వచ్చిందేమో, పెద్దది బాల్కనీ గోడెక్కిందేమో అని దారంతా బెంగే. ఆ బెంగ మధ్యనే కంప్యూటర్ ప్రోగ్రాములకు అర్థం చెప్పే గణితం చదివాను. అందులో ఆల్జీబ్రా దారిలో వెళ్తే, వస్తువును ముక్కాముక్కా పేర్చి ఎలా కట్టారో చూస్తాం. కోఆల్జీబ్రా దారిలో మూత తెరవనే తెరవం. బయటినుంచి మీటలు నొక్కి అదేం చేస్తుందో కనిపెడతాం, కొత్త కోడల్ని అత్తగారు కనిపెట్టినట్టు.

నా రిజిస్ట్రేషన్ ఖాయం కావాలంటే ఒక సెమినార్ గట్టెక్కాలి. పరీక్షించడానికి వచ్చిన ఈ ప్రొఫెసర్‌గారు గుంటూరు వైపు పెద్దాయన. ఈ హిందీ ఊళ్ళో తెలుగాయన, మనవాడేగా అని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఉదాహరణకి మా డిపార్ట్‌మెంట్ టీ మిషన్లనే తీసుకున్నాను. కిందదాంట్లో టోకెన్ వేశాక టీయో కాఫీయో మీట నొక్కి మనం ఎంచుకోవాలి. రెండో అంతస్తుదానికి మీటలు ఉత్త అలంకారం. టోకెన్ మింగగానే ఏదివ్వాలో అదే తేల్చుకుంటుంది. రెండింటి నుంచీ రాగల వరుసలు రాశాను: టోకెన్, తర్వాత టీ. టోకెన్, తర్వాత కాఫీ. రెండు పట్టికలూ అచ్చుగుద్దినట్టు ఒకటే.

"కాబట్టి సార్, ఈ రెండు మిషన్లూ ఒకటే!" అని ప్రొజెక్టర్ మీద ఏనుగెక్కినంత గర్వంగా చెయ్యి వేశాను. చెయ్యి కాలింది. అదైనా సూచన అనుకోవద్దూ?

"ఏ మిషన్ దగ్గరికెళ్ళినా తేడా లేదంటావా అమ్మా?"

"లేదు సార్. నిరూపించేశాను."

"అయితే కిందకి దిగడమెందుకు, ఈ అంతస్తుదాంట్లోంచే ఓ టీ తెచ్చిపెట్టు తల్లీ. కాఫీ నా ఒంటికి పడదు."

టీ మీట గట్టిగా నొక్కి, కంగారులో కప్పులోకి చూడకుండా తెచ్చిచ్చాను. ఇక వాసన సంగతి మీకు తెలిసిందే.

"ఇది కాఫీ."

"కానీ సార్, ఆ మిషన్ టీ కూడా ఇవ్వగలదు."

"ఇవ్వగలదు. నేనడిగితే ఇస్తుందా?"

పరిగెత్తాను. రెండోసారీ కాఫీ. మూడోసారీ కాఫీ. లైన్లో నిలబడ్డ ఓ కుర్రాడు "దీదీ, నీచే వాలీ సే లే లో నా" అని, కిందదాంట్లోంచి తీసుకోమని జాలిపడ్డాడు. సెమినార్ గదిలో మా గైడ్ మేడమ్ ఆ పాటికే నుదురు పట్టుకుని ఉన్నారు.

"చూడమ్మా," అన్నారాయన, నేను వరుసగా పెట్టిన మూడు కప్పులనూ పక్కకి జరుపుతూ, "ఏమేం రావచ్చో నీ పట్టికలో ఉంది. టోకెన్ పడ్డాక ఎంచుకునే అవకాశం ఇంకా మనకి మిగిలిందా లేదా అన్నది లేదు. ప్రతి అడుగులోనూ అది చూస్తేనే కదా కోఆల్జీబ్రా! మూడు నెలలాగి మళ్ళీ రా."

మూడు కాఫీలూ నేనే తాగి బస్సెక్కాను.

మర్నాడు పొద్దున ఏడేళ్ళ పెద్దది అడిగింది: "మమ్మీ, పాస్ హో గయీ?"

"ఇంకా లేదమ్మా. ఎంచుకునే వీలు ఎవరికుందో చూసుకోలేదు. అందుకే నేటినుంచి మిమ్మల్ని అడిగే పెడతాను. ఉప్మానా, దోశా?"

"దోశ!" ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

మూకుడులో అప్పటికే ఉప్మా కుతకుతా ఉడుకుతోంది. నేను గరిటె పైకెత్తి, మంత్రిగారు ప్రమాణం చేసినంత గంభీరంగా పిల్లలతో అన్నాను:

"ఈ గరిటె మీద ఒట్టు. ఇకమీదట స్టవ్ వెలిగించకముందే అడుగుతాను. ఇవాళ్టికి నోరు మూసుకుని ఉప్మా తినండి."