నేను లేని క్లాసులో నా గొంతు

కాలేజీ మానేయడానికి కూడా అర్జీ పెట్టుకోవాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? మా ఊళ్లో కాలేజీ మానినవాడు లేడు, ఎందుకంటే నాకు ముందు చేరినవాడే లేడు. పోకుండా ఉంటే మానేసినట్టే అనుకున్నాను.

పందొమ్మిది వందల యాభైల్లో ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. అనంతపురంలో ఇంటర్మీడియెట్ చేరి రెండు నెలలు కూడా కాలేదు. యాడికి అనే ఊరి దగ్గర మా పల్లెలో బావి అడుగంటిందని నాయన కబురు పెడితే పోయాను. బావిలో దిగి గడ్డపారతో రాయి కొడుతుండగానే దసరా, దీపావళి దాటిపోయాయి. నీళ్లు పడలేదు. ఎద్దుల్ని అమ్మేశాం. ఇక చదువు లేదని నాయనా అనలేదు, నేనూ అనలేదు.

గుత్తిలో చెనక్కాయల మిల్లు షావుకారు గుమాస్తా పని ఇస్తానన్నాడు. "నీ ఎస్సెల్సీ బుక్కు నా కండ్లతో చూడల్ల. సోమారం లోపల తేకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటా" అన్నాడు. స్కూలు చదువు పాసైనట్టు మార్కులు రాసిచ్చే ఆ బుక్కేమో చేరిననాడే కాలేజీవాళ్లు తీసి బీరువాలో పెట్టుకున్నారు. అది చేతికొస్తేనే ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. శుక్రవారం అనంతపురం పోయాను.

ఆఫీసు గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. "రెండో టర్ము మొదలై నెలయింది. ఫీజు కట్టి బుక్కు తీసుకపో."

"నేను ఆగస్టు నుంచీ రానే లేదు సామీ!"

"సెలవు చీటీ లేకుండా రెండు వారాలు రాకుంటే పేరు మేమే కొట్టేస్తాం. అప్పుడు ఫీజు మాటే లేదు. నిన్ను కొట్టేసేది యాడ? దినామూ వచ్చినావు కదప్పా, ఇదో."

చూశాను. నా పేరుకు ఎదురుగా ఒక్క ఖాళీ లేదు. దీపావళి మరుసటి రోజు సగం క్లాసు రాలేదు, నేను వచ్చాను!

"నేను మా బావిలో ఉండానయ్యా."

"బావిలో హాజరు ఎవురు తీసుకున్నారు? నాకుండేది ఈ రిజిస్టరే."

కూర్చోని బెంచీకి, వినని పాఠానికి ఫీజు! ఇంత ముసలివాణ్ణయ్యాను, ఇప్పటికీ తలుచుకుంటే నాకు మండుతుంది.

ఏం చేయాలో తోచక మా క్లాసు వరండాలోకి నడిచాను. లోపల హాజరు పిలుస్తున్నారు. ముప్పై రెండు. ముప్పై మూడు. ముప్పై నాలుగు నా నంబరు.

"ప్రెజెంటు సారూ!"

అది నా గొంతే. మొదటి రోజు నేను 'సారూ' అని సాగదీస్తే క్లాసంతా నవ్వింది. ఆ సాగుడే, ఆ బొంగురే. ఒక్క క్షణం నేను లోపలే ఉన్నానేమో, ఈ వరండాలో నిలబడ్డవాడు ఇంకెవడోనేమో అనిపించింది.

గంట కొట్టాక నా బెంచీవాడు బయటికొచ్చాడు. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం వాళ్లది. ఫీజు మాఫీ మీద చదువుతున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "వచ్చినావా! ఒక్క దినం కూడా పోనీలేదప్పా. హాజరు తక్కువైతే పరీక్షకు కూచోనీరని దినామూ నేనే పలుకుతాండా."

"నువ్వు పలికినావు, నాకు ఫీజు పడింది కదరా దొంగా!"

సంగతి విని అతను నా చెయ్యి పట్టుకుని లాగాడు. "పా, సారు దగ్గర ఒప్పుకుంటా."

"ఒప్పుకుంటే నీ మాఫీ పోతాది."

"పోనీ. నీ నోటికాడ కూడు తీసి నేనేం చదవల్ల?"

అతన్ని బలవంతాన ఆపి నేనొక్కణ్ణే పోయాను.

లెక్కల లెక్చరరు కోస్తా నుంచి వచ్చినాయన. హాజరు పిలిచేటప్పుడు రిజిస్టరు మీంచి తల ఎత్తేవాడు కాదు. నేను చెప్పిందంతా విని "చేతులు చూపించు" అన్నాడు. బొబ్బలు చితికి, తోలు లేచి ఉన్నాయి. చాలాసేపు చూశాడు. లేచి ఆఫీసుకు నడిచాడు. రిజిస్టరు తెప్పించి, ఎర్ర సిరాతో ఆగస్టు నుంచి ఒక్కో రోజూ కొట్టేస్తూ, ప్రతి కొట్టివేత పక్కనా సంతకం పెట్టుకుంటూ పోయాడు.

గుమాస్తా ఆగలేకపోయాడు. "సార్, పలికిందెవురో కూడా రాయల్ల కదా?"

"తల ఎత్తి చూడనివాణ్ణి నేనండీ. తప్పు నాది. ప్రిన్సిపాల్ గారికి అదే రాసిస్తాను."

అంత చదువుకున్న మనిషి, గుమాస్తా ముందు, తన తప్పని! ఎవరు పలికారని ఆయన నన్నూ అడగలేదు. నా మాట వినక వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ నా బెంచీవాడి వైపు మాత్రం ఒకసారి తల ఎత్తి చూశాడు, అంతే. సాయంత్రానికి పాత తేదీతో నా పేరు తీసేశారు. ఫీజు లేదు. బుక్కు చేతిలో పెట్టారు. నేను చొక్కా లోపల పెట్టుకున్నాను.

నా బెంచీవాడు రైలు దాకా వచ్చాడు. తను చదివేసిన పుస్తకాలన్నీ మిల్లుకు పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. మూటల మీద కూర్చుని నేను చదివిన చదువంతా అదే.

రైలు కదిలింది. అతను పక్కనే పరిగెత్తుతూ, అచ్చం లెక్చరరు లాగే, "ముప్పై నాలుగు!" అని పిలిచాడు.

పలకబోయాను. గొంతు పెగల్లేదు.

"ప్రెజెంటు సారూ!" అని నా బదులు అతనే పలికాడు.